ప్రేగుకు సంచి పెట్టినా కూర మానక్కర్లేదు

"కడుపు కోసి ప్రేగు బయటకు తీశారట. ఇక జన్మలో కూర ముట్టకూడదట!" మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరకముందే ఈ మాట ఊళ్ళోకి వచ్చేస్తుంది. చూడవచ్చిన చుట్టాలు తలా ఒక పథ్యం చెబుతారు. ఒకరు వంకాయ వద్దంటారు, ఒకరు దుంప వద్దంటారు, ఆకుకూర అసలే వద్దంటారు ఇంకొకరు. అన్నీ తీసివేయగా మిగిలేది మెత్తటి అన్నం, మజ్జిగ. రెండు నెలలు అలా గడిచేసరికి మనిషి పుల్లలా అయిపోతాడు. ఆపరేషన్ అలా చేసిందని అందరూ డాక్టరును ఆడిపోసుకుంటారు. నిజానికి అందులో పథ్యం పాలు కూడా తక్కువేమీ కాదు.

ఇలియోస్టమీ అని ఆసుపత్రుల్లో పిలిచే ఈ ఆపరేషన్ పల్లెలకు తెలియనిదేమీ కాదు. టైఫాయిడ్ ముదిరి చిన్న ప్రేగుకు చిల్లు పడినా, ప్రేగుకు క్షయ సోకినా, పెద్ద ప్రేగులో పుండ్లు పడి రక్త విరేచనాలు ఎంతకూ కట్టకపోయినా, కేన్సరు వచ్చినా, ప్రమాదంలో ప్రేగు దెబ్బతిన్నా దీని అవసరం రావచ్చు. చిన్న ప్రేగును పొట్ట గోడ గుండా బయటకు తెచ్చి, సాధారణంగా బొడ్డుకు కుడి ప్రక్కన కాస్త క్రిందుగా, చర్మానికి కుడతారు. అక్కడ ఎర్రగా, తడిగా మొగ్గలాంటి ద్వారం కనిపిస్తుంది. మలం అందులో నుంచి సంచిలోకి దిగుతుంది. ప్రేగు చివరను చొక్కా చేతిలా వెనక్కు మడిచి కుట్టే పద్ధతిని 1952లో బ్రయాన్ బ్రూక్ అనే ఇంగ్లండు సర్జను ప్రకటించాడు. అంతకు ముందు ఈ ఆపరేషన్ అయినవారు చర్మం ఒరుసుకుపోయి పడిన బాధ చెప్పనలవి కాదు. ఇప్పుడు కొందరికి ఇది కొద్ది నెలల వ్యవహారమే. లోపల మానిన తరువాత ప్రేగును తిరిగి కలిపేస్తారు. మరికొందరికి జీవితాంతం ఉంటుంది. ఎన్నాళ్ళున్నా కూర తినడం మానవలసిన పని మాత్రం చాలామందికి లేదు.

తూములో గడ్డి

అన్నం, పప్పు, నెయ్యి, మాంసం - వీటి సారమంతా చిన్న ప్రేగులోనే ఒంటికి పడుతుంది. కూరగాయల్లోని నార, తొక్క, గింజల పైపొట్టు మాత్రం ఎవరి కడుపులోనూ అరగవు. పెద్ద ప్రేగు ఉన్నవారికి అక్కడి సూక్ష్మజీవులు వాటిని కొంతవరకు కుళ్ళబెట్టి మెత్తబరుస్తాయి. ఈ ఆపరేషన్ అయినవారిలో ఆ మజిలీ లేదు. తిన్న నార తిన్నట్టే ద్వారం దగ్గరకు వచ్చేస్తుంది. ఆ ద్వారమేమో పొట్ట కండరాల మధ్య నుంచి వచ్చిన ఇరుకు దారి. ఆపరేషన్ అయిన మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు అక్కడ వాపు ఉంటుంది కనుక మరింత ఇరుకు.

పంట కాలువ తూము చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒక గడ్డి పరక వస్తే తూములో నుంచి జారిపోతుంది. పది పరకలు ఉండ చుట్టుకుని వస్తే తూము పూడిపోతుంది. కనుక చూడవలసింది ఏ కూర అన్నది ఒక్కటే కాదు. నార ఎంత పొడుగ్గా ఉంది, ఒక్క పూటలో ఎంత తిన్నారు, ఎంత నమిలారు అన్నవీ చూడాలి.

కత్తిపీట దగ్గరే సగం వైద్యం

వాపు తగ్గేవరకు తొక్క, గింజ తీసి మెత్తగా ఉడికించిన కూరలే తినాలి. లేత సొరకాయ, పొట్లకాయ, గుమ్మడికాయ ఇందుకు బాగుంటాయి. బీరకాయకు ఈనెలే కాదు, చెక్కు మొత్తం తీసేయాలి. బీర పొట్టు పచ్చడి ఇంట్లో మిగతావారికి. బంగాళాదుంప, చేమదుంప, కారట్ చెక్కు తీసి మెత్తగా ఉడికితే ఇబ్బంది పెట్టవు. వంకాయను కాల్చి, తొక్క ఒలిచి, గింజ తక్కువున్న గుజ్జు తీసుకోవాలి. టమాటాను వేడి నీళ్ళలో ముంచి తీస్తే తొక్క తేలిగ్గా ఊడి వస్తుంది. దోసకాయకు తొక్కా గింజలూ రెండూ తీసేయాలి.

ఆకుకూరను పూర్తిగా వెలివేయనక్కర్లేదు. తోటకూర, పాలకూర, బచ్చలి ఏదైనా ఆకు మాత్రం గిల్లి, కాడ పారేసి, సన్నగా తరిగి, కందిపప్పులో ఉడికించి పప్పుగుత్తితో బాగా ఎనపాలి. మొదటి రోజు రెండు చెంచాలు చాలు. కాడల పులుసు మాత్రం వద్దు. గోంగూరకైతే మరీ జాగ్రత్త. తాళ్ళు పేనే గోగునార వచ్చేది ఆ జాతి కాడ నుంచే. అది ప్రేగులో తాడు కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందరికంటే పెద్ద నేరస్థుడు మొక్కజొన్న పొత్తు. నిప్పుల మీద కాల్చి అమ్మే పొత్తును కబుర్లలో పడి నమలకుండా తినేస్తే గింజల పొట్టంతా ద్వారం దగ్గర పోగు పడుతుంది. పచ్చి కొబ్బరి ముక్కలు, తేగలు, పనస తొనలు, అరటి దూట, పుట్టగొడుగులు, శెనగ గుగ్గిళ్ళు, వేయించిన వేరుశెనగ పప్పు, చెరకు ముక్క ఈ కోవలోవే. గోరుచిక్కుడు, చిక్కుడు కొన్ని నెలలు ఆగి, ఈనె తీసి సన్నగా తరిగి, కొద్దిగా చూడాలి. మునగకాయ లోపలి మెత్తటి గుజ్జు నాలుకకు తగిలితే చాలు, పిప్పి మింగకూడదు. ఆవకాయ ముక్కకు టెంక పెచ్చు, పీచు రెండూ ఉంటాయి కాబట్టి ముక్క జోలికి పోరాదు. ఊట కాస్త కలుపుకోవచ్చు గాని కారం ఎక్కువైతే సంచిలోకి నీళ్ళలా దిగుతుంది.

ఆరు వారాలు దాటి, డాక్టరు సరే అన్న తరువాత ఒక్కొక్క కూరనే కొత్తగా చేర్చుకోవాలి. ఒకటి చేర్చి రెండు మూడు రోజులు చూడాలి. గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ ప్రక్కన కూర పేరు రాసుకుంటే ఏది పడింది, ఏది పడలేదు తెలిసిపోతుంది. ఒకరికి పడనిది మరొకరికి పడవచ్చు. ఒకసారి పడలేదని జన్మంతా మానేయక, కొన్ని వారాల తరువాత మళ్ళీ చెంచాడు తిని చూడవచ్చు.

ఇంత చేసి, పనికి పోయే తొందరలో ముద్దలు ముద్దలుగా మింగితే ఫలితం లేదు. నోట్లో గుజ్జు అయ్యేదాకా నమలాలి. పళ్ళు లేని పెద్దవారికి కూరను ముందే మెత్తగా ఎనిపి పెట్టాలి. రాత్రి భోజనం ప్రొద్దు ఉండగానే ముగిస్తే సంచి కోసం నడిరాత్రి లేవడం తగ్గుతుంది.

కాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఉల్లిపాయ కొందరికి గాలి పుట్టించి సంచిని ఉబ్బిస్తాయి. ముక్కలు చిన్నవై మెత్తగా ఉడికి ఉంటే అది ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. బీట్‌రూట్ తిన్న మర్నాడు సంచి ఎర్రబడితే రక్తమని హడలిపోయేవారున్నారు. అది దుంప రంగు. ఆకుకూర పచ్చగానే కనిపించినా అరుగుదల చెడిందని కాదు. అయితే మింగిన మందు బిళ్ళ బిళ్ళలాగే బయటకు వస్తే డాక్టరుకు తప్పక చెప్పాలి. మందు ఒంటికి పట్టలేదన్నమాట.

వట్టి నీళ్ళు చాలవు

పెద్ద ప్రేగు రోజూ లీటరు పైచిలుకు నీటిని, దానితో ఉప్పును తిరిగి ఒంట్లోకి లాక్కుంటుంది. అది పని చేయనప్పుడు ఆ రెండూ సంచి పాలే. కుదురుకున్న మనిషికి రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్ల వరకు, జావలా దిగడం మామూలు. లీటరున్నర దాటితే ప్రమాదం దగ్గర పడినట్టే. గీతలున్న పాత సీసాలో రెండు రోజులు కొలిచి చూస్తే ఎవరి లెక్క వారికి తెలుస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. బస్సు ప్రయాణం ఉందనో, పెళ్ళికి వెళ్ళాలనో, సంచి నిండుతుందన్న సిగ్గుతో తిండీ నీళ్ళూ మానేయడం ఒకటి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకుంటే అంత భయం అక్కర్లేదు. రెండోది, ఎండల్లో దాహమని చెంబుల కొద్దీ వట్టి నీళ్ళు త్రాగడం. సంచిలోకి ఎక్కువగా దిగుతున్నప్పుడు వట్టి నీళ్ళు ఉప్పును కూడా వెంట లాక్కుపోతాయి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ, ప్యాకెట్ మీద చెప్పిన కొలత నీళ్ళలో కలిపిన ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా రోజంతా త్రాగడం మేలు. కొబ్బరి నీళ్ళలో ఉప్పు తక్కువ కనుక వీటికి బదులు కాదు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. నాలుక ఎండి, మూత్రం తగ్గి ముదురు రంగుకు మారి, పిక్కలు పట్టేసి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటే పొలం పని ఆపి ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

అడ్డం పడితే ఆముదం పట్టొద్దు

ఎప్పుడూ దిగే సంచి హఠాత్తుగా ఖాళీగా ఉండిపోవడం, లేదా వాసనతో వట్టి నీళ్ళు మాత్రమే చిమ్మడం, పొట్ట బిగిసి మెలిపెట్టే నొప్పి రావడం, ద్వారం ఉబ్బడం - ఇవి నార అడ్డం పడిన గుర్తులు. వెంటనే గట్టి ఆహారం ఆపాలి. వాంతి లేకపోతే గోరువెచ్చని పానీయం గుక్కెడు గుక్కెడుగా త్రాగవచ్చు. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని ప్రక్కకు పడుకుని, ద్వారం చుట్టూ పొట్టను మెల్లగా నిమరాలి. వేడినీళ్ళ స్నానం కండరాలను వదులు చేస్తుంది. ద్వారం ఉబ్బి సంచి కంత బిగిసిపోతే సంచి తీసి, కాస్త పెద్ద కంత కత్తిరించిన దానిని పెట్టాలి.

మలబద్ధకం అనుకుని ఆముదం పట్టడం, విరేచనాల బిళ్ళ మింగించడం చాలా ప్రమాదం. దారి మూసుకున్నప్పుడు వెనక నుంచి తోస్తే ప్రేగు ఏమవుతుందో ఊహించవచ్చు. ద్వారంలో వేలు గాని, ఎనిమా గొట్టం గాని ఇంటి దగ్గర ఎవరూ పెట్టకూడదు.

వాంతులు మొదలైతే ఆగరాదు. నొప్పి ఉండి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ దిగకపోయినా ఆగరాదు. ద్వారం నల్లబడినా అంతే. తెల్లవారనిద్దామని చూడక రాత్రయినా 108కు ఫోను చేసి, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరాలి. పాత డిశ్చార్జి కాగితం, అదనంగా ఒక సంచి వెంట ఉండాలి. చివరగా ఏం తిన్నదీ, ఎన్ని గంటలకు తిన్నదీ డ్యూటీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఇంట్లో తిడతారని మొక్కజొన్న పొత్తు సంగతి దాచిపెడితే అసలు కారణం పట్టుకోవడానికి అక్కడ అంత ఆలస్యమవుతుంది.