ఊపిరితిత్తుల రక్తపోటు: సిల్డెనాఫిల్ వాడేవారు తెలుసుకొనవలసినవి

చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటు వేరు, ఊపిరితిత్తుల రక్తపోటు వేరు. గుండె కుడి భాగం నుండి ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే ధమనులలో ఒత్తిడి పెరగడమే ఈ రెండవది. ఆరోగ్యవంతులలో విశ్రాంతి సమయాన ఆ సగటు ఒత్తిడి సుమారు 14 మిల్లీమీటర్లు ఉంటుంది. 20 దాటితే ఎక్కువగా పరిగణిస్తారు. ధమనులు ఇరుకైనకొద్దీ గుండె కుడి భాగంపై భారం పెరుగుతుంది. నడిచినా మెట్లెక్కినా ఆయాసం, అలసట, కాళ్ల వాపు, స్పృహ తప్పడం దీని లక్షణాలు.

గుండె ఎడమ భాగపు జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, గడ్డకట్టిన రక్తం వలన కూడా ఈ ఒత్తిడి పెరుగవచ్చు. వాటికి చికిత్స వేరు. ధమనులే వ్యాధిగ్రస్తమై ఇరుకైనపుడు వైద్యులు సూచించే మందులలో సిల్డెనాఫిల్ ఒకటి. రక్తనాళాలను సడలించే సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం శరీరంలోనే తయారవుతుంది. దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైమును ఈ మందు అడ్డుకొంటుంది. ఫలితంగా నాళాలు వదులై, గుండె భారం తగ్గుతుంది. ఇది వ్యాధిని అదుపులో ఉంచుతుందే గాని, సమూలంగా నయం చేయదు.

ఈ మందుకు అమెరికాలో 1998లో పురుషుల లైంగిక సమస్యకు, 2005లో ఊపిరితిత్తుల రక్తపోటుకు అనుమతి లభించింది. మొదటి ఉపయోగమే లోకానికి ఎక్కువగా తెలిసినందున, స్త్రీలకో పిల్లలకో వ్రాసిన చీటీలో ఈ పేరు చూసి ఇంటివారు సంకోచించే అవకాశం ఉంది. ఆ సంకోచంతో మందు మానరాదు. హఠాత్తుగా మానితే వ్యాధి తీవ్రం కావచ్చు. పెద్దలకు సాధారణంగా 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు ఇస్తారు. పిల్లల మోతాదును వైద్యులే నిర్ణయించాలి.

తలనొప్పి, ముఖం ఎర్రబడడం, అజీర్ణం కలుగవచ్చు. చూపు గాని వినికిడి గాని అకస్మాత్తుగా తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటున్నది. గుండెనొప్పికి నాలుక క్రింద ఉంచుకొనే నైట్రేట్ మాత్రలను ఈ మందుతో కలిపి వాడరాదు. రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోవచ్చు. కావున మందుల చీటీని ఎల్లపుడూ దగ్గర ఉంచుకొనవలెను. ఛాతీనొప్పి వచ్చి 108 వాహనాన్ని పిలిచినపుడు, సిల్డెనాఫిల్ వాడుతున్నట్లు సిబ్బందికి మొదటే చెప్పవలెను.