తల మధ్యకు వచ్చిన గొంతు

వినుకొండ సెల్ షాపులో ఇయర్‌ఫోన్లు అడిగితే ముందు వినబడే మాట "బేస్ బాగుంటుందండీ" అని. వినిపించేది కూడా డప్పు దద్దరిల్లే పాటే. నేను మాత్రం 1895లో ఈ ఊళ్లోనే పుట్టిన గుర్రం జాషువా శ్మశానవాటిక పద్యాలు పెట్టి చూస్తాను. హరిశ్చంద్ర నాటకంలో నటులు హార్మోనియం శ్రుతి మీద వాటిని పాడుతుంటే విని పెరిగిన చెవి నాది. మంచి ఇయర్‌ఫోన్‌లో గొంతు, హార్మోనియం వేరువేరుగా తెలుస్తాయి. నాసిరకంలో రెండూ ముద్దవుతాయి, స, శ, షలు ఈల వేస్తాయి.

కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. సుమారు 2.5 సెంటీమీటర్ల చెవి నాళం, కర్ణభేరి వైపు మూసుకున్న చిన్న గొట్టం. అది 3,000 హెర్ట్‌జ్ ప్రాంతపు ధ్వనిని సహజంగా పెంచుతుంది. హల్లుల స్పష్టతకు ఆ ప్రాంతం ఆయువుపట్టు. ఇయర్‌ఫోన్‌తో నాళం మూయగానే ఆ సహజమైన పెంపు చెదిరిపోతుంది కాబట్టి తయారీదారే దాన్ని కలిపి ఇవ్వాలి. తగ్గితే గొంతు దుప్పటి చాటున ఉన్నట్టుంటుంది, మించితే చెవిలో గుచ్చుకుంటుంది. డబ్బా మీద అచ్చేసే "20–20,000 హెర్ట్‌జ్", "10 మి.మీ. డ్రైవర్" ఈ సంగతి చెప్పవు. ధరా చెప్పదు. 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనంలో 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూస్తే, ధరకూ ఏ స్థాయి ధ్వని ఎంత పలుకుతుందన్నదానికీ పొంతన కనబడలేదు.

నేను 150, 400, 900 రూపాయల జతలు మూడు పక్కపక్కన పెట్టి విన్నాను. మొదట 900ది పేలవంగా తోచింది. దాని రబ్బరు బుడిపె తీసి పెద్ద సైజుది తొడిగాక మంద్రస్వరం నిండుగా వచ్చింది. నాళంలోని కాస్త గాలిని, ధ్వని పుట్టించే డ్రైవర్ పొర నొక్కుతూ వదులుతూ ఉంటేనే మంద్ర ధ్వని అందుతుంది. సందు ఉంటే ఆ ఒత్తిడి నిలవదు. డబ్బాలో వచ్చే మూడు సైజులూ చూడకుండా ఏ జతనూ తప్పుపట్టకూడదు. కుడి చెవికీ ఎడమ చెవికీ సైజు వేరైనా కావచ్చు.

ఈ బిగువు చెవి ఆరోగ్యానికీ కావాలి. నరసరావుపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఇంజను హోరును దాటించడానికి వాల్యూమ్ పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మరో 3 పెరిగితే 20 గంటలే. బుడిపె సరిగ్గా కూర్చుంటే హోరు తగ్గుతుంది, పెంచాల్సిన పని ఉండదు.

ఇక మన్నిక. డ్రైవర్ చెడడం నేను చూసింది తక్కువ; తెగేది వైరే, అదీ పిన్ను మొదట్లో. ఫోను జేబులో ఉండగా వైరు అక్కడే వందలసార్లు వంగి, లోపలి రాగి అలసి తెగుతుంది. అందుకే కొనేముందు పిన్ను దగ్గరి రబ్బరు తొడుగు వంచి చూస్తాను. వైరుతో పాటు మెల్లగా వంగాలి. గట్టి ప్లాస్టిక్ అయితే దాని అంచు దగ్గరే తెగుతుంది.

ఎడమవైపు పోయిన 400 రూపాయల జతను కోసి చూశాను. వెంట్రుకల్లాంటి ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగు తీగలు, మధ్యలో బలానికి నైలాన్ దారం. ఆ రంగు నిజానికి వార్నిష్. అది కాలేదాకా సీసం అంటదు. వేడి సోల్డరింగ్ మొనకు ఆనించి ఉంచితే పొగ వచ్చి, తీగ కొస తెల్లబడింది. కొత్త పిన్నుకు అతికించి పద్యం పెట్టాను. అంతదాకా కుడి చెవిని అంటిపెట్టుకున్న హరిశ్చంద్రుడి గొంతు మళ్లీ తల మధ్యకు వచ్చింది.