చేబదులును, నమ్మకమును

పొరుగింటివారికి సోలెడు బియ్యము చేబదులిచ్చునపుడు మన మెవ్వరమును పత్రము వ్రాయించుకొనము. ఏలయన, లోగడ తీసికొన్నది వారు తెచ్చి యిచ్చియే యున్నారు. నమ్మక మొక్కదినమున బుట్టదు. ఇచ్చిపుచ్చుకొనుటచే కొంచెము కొంచెముగా పెరుగును.

ఈ యింటిధర్మమునే మన స్త్రీలు పొదుపు సంఘములలో ఆచరించుచున్నారు. పదిమంది మొదలు ఇరువదిమంది వఱకు కూడి, తలకు కొంత సొమ్ము దాచి, అందుండి అక్కఱగలవారికి అప్పిచ్చుకొందురు. ఇట్టివానిని బ్యాంకులతో జతపఱచుటను 1992లో నాబార్డు 500 సంఘములతో ప్రారంభించెను. నేడవి దేశమంతట గలవు.

క్రమముగా సమావేశమగుట, క్రమముగా దాచుట, తమలో తాము అప్పిచ్చుకొనుట, గడువునకు తీర్చుట, లెక్కలు సరిగా వ్రాయుట అనునవి ఈ సంఘముల పంచసూత్రములు. వీనిలో కడపటిదియే ముఖ్యమని మా యభిప్రాయము. చదువురాని సోదరికి పుస్తకములోని లెక్క యేమి తెలియును? కావున సొమ్ము అందఱి యెదుట లెక్కింపవలెను. పద్దులు పైకి చదివి వినిపింపవలెను. “అక్కయ్యయే చూచుకొనునులే” యని యూరకుండుట నమ్మకము గాదు, ఉపేక్ష. లెక్క యడిగినామెను అనుమానపు మనిషియని నిందించుట యంతకంటె తప్పు.

ఒకామె వాయిదా కట్టలేనినాడు అసలు పరీక్ష వచ్చును. 2010లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున లాభమునకై యప్పులిచ్చు కొన్ని సంస్థలు, ఒకతె కట్టనిచో తక్కినవారు కట్టవలెనని నిర్బంధించెను. ఇరుగుపొరుగువారే వసూలుదారులై గుమ్మము ముందు నిలిచిరి. అవమానము భరింపలేక కొందఱు ప్రాణములు తీసికొన్నట్లు పత్రికలలో వార్తలు వచ్చెను. ఆ యక్టోబరున ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి యా సంస్థలను కట్టడి చేసెను. ఏండ్ల తరబడి పెరిగిన పొరుగు స్నేహములు కొన్ని దినములలో తెగిపోయెను.

మన సంఘములలో నట్టి కాఠిన్యము ప్రవేశింపదని చెప్పుటకు వీలులేదు. కావున సోదరీమణులారా! వాయిదా తప్పినామెను దూఱుటకు ముందు కారణ మడుగుడు. బిడ్డకు జ్వరమా? కూలి దొరకలేదా? ఇంటివారు సొమ్ము లాగుకొనిరా? నిజమైన కష్టమైనచో అందఱి సమ్మతితో గడువు పెంచి, ఆ మాటను పుస్తకమున వ్రాయింపుడు. గడువు పొందినామె దానిని తప్పక నిలుపుకొనవలెను. నేడు మన మొకరికిచ్చిన గడువే రేపు మన యింట కష్టము వచ్చినపుడు నిర్భయముగా నోరు విప్పుటకు ధైర్య మిచ్చును.