చక్రాల మీది ఇల్లు, దాన్ని లాగే బండి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చిన మన పెద్దలు చెప్పే వింతల్లో ఇది ఒకటి. పెద్ద రోడ్డు మీద ఒక పికప్ బండి, దాని వెనుక తలుపులు, కిటికీలు, వంటగది, మంచం, స్నానాల గది అన్నీ అమర్చిన ఒక ఇల్లు. స్టీరింగు దగ్గర అరవై దాటిన పెద్దాయన, పక్కన ఆయన భార్య. సెలవులకు ఎక్కడికో పోతున్నారనుకుంటాము. కొందరి విషయంలో అదే నిజం. కాని మరికొందరు ఉన్న ఇల్లు అమ్మివేసి, ఏడాది పొడుగునా అందులోనే కాపురం ఉంటారు. చలికాలమంతా ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ ఇట్టి ఇళ్ళు వేల సంఖ్యలో దిగుతాయి. ఎండలు ముదరగానే ఉత్తరానికి కదులుతాయి.

వీరందరూ సరదాకు బయలుదేరినవారు కారు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగము, ఇల్లు, దాచుకున్న డబ్బు పోగొట్టుకుని, ఇంటి అద్దె కట్టలేక బండిలోకి చేరిన వృద్ధులు ఎందరో ఉన్నారు. జెస్సికా బ్రూడర్ అనే పత్రికా రచయిత్రి వారి మధ్య తిరిగి 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ అనే పుస్తకం వ్రాసింది. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమానం వచ్చింది. ఇల్లు అమ్మిన డబ్బే చేతిలో ఉన్నవారికి, వాడిన బండి కొనడంలో పొరపాటు జరిగితే తిరిగి పోవడానికి వేరే ఇల్లు లేదు. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాము.

చక్రాల ఇళ్ళు ముఖ్యంగా రెండు విధాలు. ఇంజను కూడా దానిలోనే ఉన్నది ఒకటి, అనగా బస్సు వంటిది. ఇంజను లేకుండా వేరొక బండి లాగేది రెండవది. బస్సు వంటి దానిలో ఇంజను చెడి షెడ్డుకు చేరితే ఇల్లు కూడా షెడ్డుకే పోతుంది, కాపురం హోటలుకు పోతుంది. లాగే రకంలో అయితే ఇంటిని చెట్టు కింద నిలిపి, పికప్ విప్పుకుని సరుకులకు పోవచ్చును. శాశ్వతంగా ఉండేవారికి నా దృష్టిలో రెండవదే మేలు.

అయితే ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. చాలామంది ముందుగా పికప్ కొంటారు. “ఇది ఇంత బరువు లాగుతుంది” అని అమ్మేవాడు చెప్పిన అంకె చూసి, దానికి తగిన ఇంటి కోసం వెదుకుతారు. ఇది తలక్రిందుల పద్ధతి. ముందు ఇల్లు నిర్ణయించుకోవాలి, తరువాత దాని బరువు, ఆ తరువాతే లాగే బండి.

బరువు సంగతి మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు. ఎద్దుబండికి వెనుక ఎక్కువ ఎక్కిస్తే ఏమవుతుంది? నొగలు పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది. ముందు ఎక్కువైతే కాడి మెడల మీద కూర్చుంటుంది. అందుకే బండివాడు బస్తాలను ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కొద్దిపాటి బరువు మాత్రమే కాడి మీదికి వచ్చేలా చూస్తాడు. అక్కడా అదే సూత్రం. పికప్ వెనుక కొక్కెంకు తగిలించే మామూలు ట్రైలరులో, మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు ఆ కొక్కెం మీద పడాలి. అంతకన్న తగ్గితే వేగంలో ట్రైలరు తోక ఆడించి, ముందున్న బండిని కూడా ఈడ్చివేస్తుంది. ‘ఫిఫ్త్ వీల్’ అనే మరొక రకం ఉన్నది. దాని ముందు భాగం పికప్ తొట్టిలో, వెనుక ఇరుసుకు పైగా కూర్చుంటుంది. ఊగులాట తక్కువ, మలుపులు తేలిక. కాని మొత్తం బరువులో సుమారు ఐదవ వంతు పికప్ వీపు మీదనే పడుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాము. అన్నీ నింపిన తరువాత 5,400 కిలోల వరకు తూగే ఫిఫ్త్ వీల్ అనుకోండి. పికప్ మీద పడేది సుమారు 1,080 కిలోలు. భార్యాభర్తలు 150. తగిలించే ఇనుప సామాను, పనిముట్లు కలిపి మరొక 100. మొత్తం 1,330. ఇక పికప్ డ్రైవరు తలుపు తెరిస్తే, పక్క స్తంభం మీద ఒక చీటీ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదని అందులో ఉంటుంది. చిన్న తరగతి పికప్పులలో ఆ అంకె 700, 800 కిలోలుగా ఉండడం మామూలే. అదే బండి ప్రకటనలో 5,000 కిలోలు లాగుతుందని ఉండవచ్చు. లాగగలదు కూడా, మోయలేదు అంతే! అట్టి ఇంటికి ‘వన్ టన్’ అని పిలిచే పెద్ద తరగతి పికప్ కావలసిందే.

అమ్మేవారు చెప్పే ఖాళీ బరువును కూడా నమ్మరాదు. కాపురం ఉండేవాడు ఖాళీ ఇంటిని లాగడు. గిన్నెలు, దుప్పట్లు, చలిబట్టలు, గ్యాసు సిలిండర్లు, పుస్తకాలు అన్నీ ఉంటాయి. నీళ్ళ తొట్టిలో 200 లీటర్లుంటే అదే 200 కిలోలు. ట్రైలరు మీద తయారీదారు అతికించిన గరిష్ఠ బరువునే లెక్కలోకి తీసుకోవాలి. కొన్న తరువాత రోడ్డు పక్క లారీ కాటా మీద తూకం వేయించుకుంటే అనుమానం తీరిపోతుంది.

ఇంత పట్టింపు దేనికంటే, కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం సుమారు 11,000 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి డెన్వర్ నగరం వైపు రోడ్డు మైళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. బ్రేకులు కాలిపోయిన లారీల కోసం పక్కన ప్రత్యేకంగా దారులు వేసి ఉంచారు. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే నెమ్మదిగా పోవచ్చు, దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే ఏమి చేస్తాము? ట్రైలరు చక్రాలకు సొంత బ్రేకులున్నాయా, కొక్కెం ఊడిపోతే అవి వాటంతటవే పడతాయా అన్నది కొనకముందే నడిపి చూడాలి.

ఇక ఇంటి సంగతి. వాడిన చక్రాల ఇంటికి మొదటి శత్రువు నీరు. చాలా ఇళ్ళకు పైకప్పు రబ్బరు వంటి పలుచని షీటు. దాని అంచులకు, గాలి గొట్టాల చుట్టూ పూసిన జిగురు ఎండకు పగులుతుంది. ఆ పగులులోంచి దిగిన నీరు గోడ లోపలి చెక్కను సంవత్సరాల తరబడి నాన్చి కుళ్ళబెడుతుంది, పైకి ఏమీ కనిపించదు. గనుక నిచ్చెన వేసుకుని పైకప్పు చూడాలి. బయటి గోడ మీద పొక్కులు లేచినట్లుంటే లోపల పొరలు ఊడినట్లే. స్నానాల గది దగ్గర, సొరుగులా బయటకు జరిగే గదుల అంచుల దగ్గర కాలితో నొక్కి చూడాలి, మెత్తగా దిగితే వదిలేయాలి. అలమరల మూలలు తెరిచి మరకలు వెదకాలి. లోపల అత్తరు వాసన ఘుమఘుమలాడుతుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి! వానలో వెళ్ళి చూడటం అన్నిటికన్న మంచిది.

టైర్లు కొత్తగా కనిపిస్తాయి, ఎందుకంటే ట్రైలరు తిరిగేది తక్కువ, ఎండలో నిలిచేది ఎక్కువ. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తరువాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూడాలి. 3518 అని ఉంటే 2018వ సంవత్సరం 35వ వారంలో తయారైనది. ఐదారేళ్ళు దాటితే, కొత్త టైర్ల ఖరీదు బేరంలో తగ్గించుకోవాలి.

చౌక అని మోసపోయినవారి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2005లో కత్రినా తుపాను తరువాత ఫెమా అనే ప్రభుత్వ సంస్థ ఇళ్ళు కోల్పోయినవారికి ట్రైలర్లు ఇచ్చింది. కొంత కాలానికి కళ్ళ మంటలు, దగ్గు, తలనొప్పులు మొదలైనవి. చెక్క పలకల జిగురులోని ఫార్మాల్డిహైడ్ వాయువు ఎక్కువగా ఉన్నట్లు 2008లో తేలింది. తరువాత ప్రభుత్వం వాటిని నివాసానికి వాడరాదని చీటీలు అంటించి వేలం వేసింది. 2010 నాటికి వాటిలో కొన్ని చీటీలు పోయి, తిరిగి మనుషులు నివసించే ఇళ్ళుగా బేరానికి వచ్చాయి. గనుక బండి పత్రాలు, పూర్వ చరిత్ర అడగడానికి మొగమాట పడరాదు.

వీలైతే బేరం కుదరక ముందు ఒక రాత్రి అందులో నిద్ర చేయడానికి అనుమతి అడగాలి. నీళ్ళు, కరెంటు, గ్యాసు, ఫ్రిజ్, హీటరు అన్నీ ఒకేసారి నడిపితే దాగినవి చాలా బయటపడతాయి.

తిరిగే ఇంటికి డోర్ నంబరు ఎక్కడిదని మీరు అడగవచ్చు. లైసెన్సుకు, బీమాకు, ఓటుకు ఒక చిరునామా కావాలి గదా. అందుకు చాలామంది టెక్సాస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా రాష్ట్రాలను ఎంచుకుంటారు, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 1978లో మొదలైన ఎస్కేపీస్ అనే సంఘం టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ నుండి ఇట్టి సంచారులకు ఉత్తరాలు అందజేస్తుంది.

అన్నీ కుదిరి ఇల్లు కొన్నవారికి చివరి కష్టం, దాన్ని వెనక్కి నడపడం. స్టీరింగు ఒకవైపు తిప్పితే ఇల్లు మరొకవైపు పోతుంది. భార్య వెనుక నిలబడి చేతులు ఊపుతుంది, భర్తకు అద్దంలో అది కనిపించదు, ఇద్దరూ కేకలు వేసుకుంటారు. ఖాళీ మైదానంలో కొన్ని రోజులు సాధన చేయమని అనుభవజ్ఞులు చెబుతారు. చెరకు తొట్టిని ఇరుకు సందులోకి ఒక్క ఊపున వెనక్కి పెట్టే మన ట్రాక్టరు డ్రైవర్లను చూస్తే వారు ఏమంటారో!