ఉండేలుకు శిక్షాస్మృతి

పంగలకర్ర ఒకటి, పాత సైకిలు ట్యూబు పేలికలు రెండు, చిన్న తోలుముక్క. ఇంతే ఉండేలుకు కావలసిన సరంజామా. మన పల్లెల్లో రేగుచెట్టు కింద దీన్ని పట్టుకు నిలబడని మగపిల్లవాడు ఉండేవాడు కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మాత్రం, సబబైన కారణం చూపలేనివాడి దగ్గర ఇది దొరికితే 18 నెలలదాకా ఖైదు పడవచ్చు!

అంత కోపమెందుకో? భాష చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక నాకు మాటమీదనే అనుమానం. ఇంగ్లీషులో ఉండేలును 'స్లింగ్‌షాట్' అంటారు. 'స్లంగ్‌షాట్' అని మరొకటుంది. అది తాడు చివర బిగించిన గుండు. తలలు పగలగొట్టడానికే పుట్టింది. న్యూయార్కు రాష్ట్రం దాన్ని 1849లోనే నిషేధించింది. 1858లో ఇల్లినాయ్‌లో డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే హత్యకేసు ముద్దాయి తరఫున లింకన్ వాదించాడు గదా! వెన్నెల్లో అంతా చూశానన్న సాక్షి ముందు పంచాంగం తెరిచి, ఆ వేళకు చంద్రుడు అస్తమించబోతున్నాడని చూపించాడు. ముద్దాయి బయటపడ్డాడు. ఆ కేసులో చెప్పిన ఆయుధం ఈ స్లంగ్‌షాటే.

న్యూజెర్సీ జాబితాలో ఉండేలు ఇరుగుపొరుగులు బాకులు, ఇనుప పిడికిళ్ళు, ఇసుక నింపిన దుడ్లు. ఆ సావాసం చూస్తే గుండుకు పడవలసిన శిక్ష ఒక్క అక్షరం తేడాతో ఉండేలుకు పడిందేమో ననిపిస్తుంది. మనకా చిక్కులేదు, వడిసెల వేరు, ఉండేలు వేరు.

మసాచుసెట్స్ చట్టం రెంటినీ విడివిడిగానే పేర్కొని, రెంటి తయారీనీ అమ్మకాన్నీ నిషేధించింది. గింజలు ఊదే గొట్టాన్ని కూడా వదలలేదు! పోటీలు జరిపే క్రీడాసంఘాలకు మాత్రం ఉండేళ్ళు చేసి అమ్మవచ్చునట. ఆ సందునే వాకిలిగా మార్చి, పెద్దవాళ్ళెవరైనా చేసుకోవచ్చు, కొనుక్కోవచ్చు అంటే సరిపోదా? మన 1959 ఆయుధ చట్టం లాఠీవంటి ఇంటి, పొలం పనిముట్లనూ, ఆటబొమ్మగా తప్ప పనికిరానివాటినీ ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. వస్తువు పేరు కాక, దాని పని చూసిందన్నమాట.

ఉండేలు సాధువని నేననను. ఉక్కుగుండు వేసి లాగితే కన్ను పోతుంది. అలా కొట్టినవాణ్ణి శిక్షించవలసిందే. నా రాయి తగిలి చీలిన కనుబొమమీద అన్నయ్యకు ఇప్పటికీ మచ్చ ఉంది. ఆ సాయంత్రమే నాన్నగారు నా ఉండేలును పొయ్యిలో పెట్టారు. నెల తిరక్కుండా అన్నయ్యే నాకు ఇంకొకటి చేసి ఇచ్చాడు.