పదమూడు ముక్కల లెక్క
సంక్రాంతికి అమలాపురం, రాజోలు అరుగుల మీద సాగే పదమూడు ముక్కల రమ్మీని వట్టి అదృష్టమని కొట్టిపారేయడం తొందరపాటు. జోకరు లేని వరస ఒకటి పడనిదే షో చెల్లదు. చేతిలో ఇస్పేటు ఏడు, రాజు విడిగా ఉన్నాయనుకోండి. కొత్తవాళ్లు బొమ్మ చూసి రాజును దాచుకుంటారు. ఏడు మాత్రం 5-6-7, 6-7-8, 7-8-9 అని మూడు వరసల్లో ఇముడుతుంది. రాజుకు దారులు రెండే, పైగా మిగిలిపోతే పది పాయింట్లు. పారేయాల్సింది రాజునే.

పంపకం మన చేతుల్లో లేదు కదా అంటారా? నిజమే. అయినా పడిన ముక్కల్ని గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పేనని 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడించి లాభం గుంజేవాళ్లను మాత్రం ఆ తీర్పు వెనకేసుకురాలేదు. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది కూడా. నేర్చుకునేవాళ్లు పాయింట్ల లెక్కకు చింతపిక్కలు పెట్టుకోండి, చాలు.