జలాంతర్గామి లోతు నియంత్రణ: నిమజ్జన ఫలకాల పాత్ర

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమణ పొందింది. ట్యాంకులలో నీరు నింపితే జలాంతర్గామి మునుగుతుందని, ఖాళీ చేస్తే తేలుతుందని సాధారణంగా వివరిస్తారు. ఇది మునకను వివరిస్తుందే గాని, కోరిన లోతులో నిలకడను వివరించదు.

ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నౌక బరువు, ఉత్ప్లవన బలం సమానమైతే అది తటస్థ స్థితిలో ఉంటుంది. అయితే ఈ స్థితి సుస్థిరం కాదు. ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కవచం స్వల్పంగా కుంచించుకుపోవడం వల్ల ఉత్ప్లవన బలం తగ్గి, నౌక మరింత దిగజారుతుంది. నీటి లవణీయత కూడా ముఖ్యమే. గోదావరి, కృష్ణా వంటి నదుల వరదనీరు బంగాళాఖాతపు ఉపరితల జలాల సాంద్రతను తగ్గిస్తుంది. 2,500 టన్నుల నీటిని తొలగించే నౌకకు సాంద్రతలో 0.5 శాతం తగ్గుదల అంటే 12.5 టన్నుల అదనపు భారంతో సమానం.

శాశ్వతమైన తేడాలను సర్దుబాటు ట్యాంకులు సరిచేస్తాయి. క్షణక్షణం కలిగే మార్పులను ఎదుర్కొనేవి నిమజ్జన ఫలకాలు. విమానపు రెక్కల వలె ఇవి ప్రవాహానికి వాలుగా తిరిగి బలాన్ని కలిగిస్తాయి. ఆ బలం వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. నౌక కదలకుంటే ఫలకాలు నిరుపయోగం.

ముందరి ఫలకాలు ప్రధానంగా లోతును, వెనుక ఫలకాలు ప్రధానంగా వాలును నియంత్రిస్తాయి. పైకి రావాలంటే వెనుక ఫలకాలు తోకను కిందికి నొక్కుతాయి, ముక్కు లేస్తుంది, వాలిన కవచం మీద ప్రవాహం కలిగించే బలం నౌకను పైకి తెస్తుంది. ఇక్కడొక వైరుధ్యం ఉంది. గరిమనాభి ఉత్ప్లవన కేంద్రానికి దిగువన ఉండటం వల్ల నౌకను సమతలానికి తెచ్చే భ్రామకం ఏర్పడుతుంది. ఇది వేగంతో మారదు. అందువల్ల ఒక పరిమితి కంటే తక్కువ వేగంలో ముక్కు తగినంత లేవదు. తోకను నొక్కిన బలమే పైచేయి సాధించి నౌక మొత్తం కిందికి జారుతుంది. ఆదేశం ఆరోహణకు, ఫలితం అవరోహణ! అందుకే మందగమనంలో ముందరి ఫలకాలపై ఆధారపడతారు.

అధిక వేగంలో ప్రమాదం మరొక విధం. వెనుక ఫలకాలు దిగే స్థానంలో బిగిసిపోతే నౌక స్వల్ప వ్యవధిలోనే సురక్షిత లోతును దాటవచ్చు. కాబట్టి లోతు నియంత్రణను స్థితిశాస్త్రంతో మాత్రమే బోధించడం చాలదు. ప్లవన సూత్రానికి ద్రవగతిశాస్త్రం తోడైనప్పుడే అవగాహన పూర్ణమవుతుంది.